తూర్పా, పడమరా

డ్రైవింగ్ మాస్టారు ఆ రోజు సమావేశానికి వెళ్లలేదు. వెళ్లినవాళ్లంతా నువ్వంటే నువ్వని తోసుకుని, చివరికి రానివాణ్ణి ఎన్నుకుని ఇళ్లకు పోయారు. సాయంత్రం కారు పార్కు చేసి మెట్లెక్కేసరికి ఆయన కాలనీ ప్రతినిధి అయిపోయి ఉన్నాడు.

కాలనీలో ఉన్నవి రెండే భవనాలు. వాటి మధ్య ఖాళీ స్థలంలో కొత్తగా ఇళ్లు కట్టబోతున్నారు. కట్టేముందు అక్కడివాళ్ల మాట వింటామని గృహనిర్మాణ శాఖ కబురు పెట్టింది.

పడమటి భవనంలో మాస్టారు, భార్య, మంచం దిగలేని తల్లి ఉంటారు. తల్లి మంచం కిటికీ పక్కనే. పిల్లల ఆటలు, ఆరేసిన బట్టలు, కుక్కల కొట్లాటలు, ఆమె లోకమంతా ఆ స్థలమే. తూర్పు భవనంలో ఆయన అక్క ఉంటుంది.

శాఖ ఆఫీసు వరండా నిండా ఇళ్ల కోసం వచ్చినవాళ్లే. చంకలో పిల్లతో ఒకావిడ జరిగి ఆయనకు చోటిచ్చింది. ఇక లోపలికి వెళ్లి అసలు ఇళ్లే వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు.

ఆఫీసరు చిన్నవయసు అమ్మాయి, మర్యాదస్తురాలు. బల్లమీద రెండు ప్లాన్లు పరిచింది.

"ఇది తూర్పుకి జరిపి కట్టేది, ఇది పడమరకి. ఏది నయమో మీరే చెప్పండి సార్."

"మధ్యలో కట్టకూడదా అమ్మా?"

"మధ్యలో డ్రైనేజీ లైను ఉంది సార్."

"పోనీ, రెండంతస్తులు తగ్గిస్తే?"

"అంతస్తుల సంగతి పైన తేలిపోయింది. మిమ్మల్ని అడగమన్నది తూర్పా, పడమరా అనే."

"నేను తప్పుకుంటే?"

"తప్పుకోవచ్చు సార్. అప్పుడు మీ కాలనీకి అభ్యంతరం లేదని రాసుకుంటాం." ఆమె నొచ్చుకుంటూనే చెప్పింది.

ఇంటికొచ్చేసరికి అక్క కూర్చుని ఉంది.

"మా వైపు పెట్టించావంటే నేనక్కడ తలెత్తుకు తిరగలేనురా. సొంత తమ్ముడే చేశాడంటారు."

"మా వైపు పెట్టిస్తే అమ్మకి గోడ తప్ప ఇంకేం కనబడదక్కా."

"అమ్మని నేను తీసుకెళ్తాలే."

ఇద్దరూ తల్లి వైపు చూశారు. ఆమె కిటికీ మీంచి చూపు తిప్పలేదు. "ఏదో ఒకటి చెప్పేసి రా. నన్ను మధ్యలోకి లాగకండి," అంది.

అన్నం వడ్డిస్తూ భార్య అడిగింది. "గట్టిగా కాదనేసి రావచ్చుగా?"

"కాదనడానికి వాళ్లు ఆ ప్రశ్న అడిగితే కదా. నేర్పే కారులో అయితే, పక్క సీట్లో కూర్చున్నా నా కాలి కిందా ఓ బ్రేకుంటుంది. అక్కడ ఊరికే కూర్చోబెట్టారంతే."

తన కిటికీ కాపాడుకున్నాడన్న మాట పడలేక, మర్నాడు వెళ్లి ఆయన పడమర అన్నాడు. కాలనీవాసుల అభీష్టం మేరకు అని ఆ అమ్మాయి రాసుకుంది.

గోడ లేచింది. మాస్టారింట్లో పట్టపగలే లైటు వేసుకోవలసి వచ్చింది. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి అక్క ఇంటికి మోసుకెళ్లారు. సొంత భవనంలో మాస్టారు మెట్లెక్కుతుంటే మాటలు ఆగిపోయేవి. పైఇంటివాళ్లబ్బాయి వేరేచోట డ్రైవింగుకు చేరాడు.

కొన్నాళ్లకు కొత్త ఇళ్లలోంచి ఒకావిడ నేర్చుకోవడానికి వచ్చింది. కారు మలుపు తిరగగానే తన గోడు మొదలుపెట్టింది.

"ఇల్లొచ్చింది, సంతోషమే. కానీ కిటికీ తెరిస్తే ఎదురింటి గోడే మాస్టారూ. చెయ్యి చాపితే తగులుతుంది. ఇలా కట్టమని ఇక్కడివాళ్లే చెప్పారట. ఎవరో ఆ మహానుభావుడు."

"నేనేనమ్మా," అన్నాడు మాస్టారు.

ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వులో కారు ఆగిపోయింది. "మీరు భలే జోకులేస్తారండీ."

ఆయన మరోసారి చెప్పాలనుకున్నాడు. ఈలోగా వెనక బండివాడు హారన్ కొట్టాడు.

"క్లచ్ మెల్లగా వదలండి," అన్నాడు.