ఉబ్బిన గడియారం

ఐలాకు భర్త తాయిస్తో మీద ముప్పైనాలుగేళ్ళుగా ఒకటే ఫిర్యాదు: ఆ మనిషితో పోట్లాడటం కుదరదు. ఎంత మాటన్నా "ఊఁ" అంటాడు, కాఫీ కప్పు కడిగి బోర్లిస్తాడు, కిటికీ దగ్గర కూర్చుని సరస్సు కేసి చూస్తాడు. తాయిస్తో కూడా మిగతా మొగుళ్ళలా ఓ పూట గట్టిగా అరిచి ఉంటే ఆవిడ కోపం ఇంట్లోనే ఖర్చయిపోయేది. మూడంతస్తులు దిగి, పొరుగాయన ఓస్మో నెత్తిన పడేది కాదు. కాబట్టి తప్పంతా తాయిస్తోదేనని ఆవిడ చాలా రోజులు నమ్మింది.

కోపానికి కారణం చేతి గడియారం. అడుగులూ గుండె దడా లెక్కపెట్టే రకం. రెండున్నరేళ్ళకే మధ్యాహ్నం కాఫీ వేళకు ప్రాణం వదిలేయడం మొదలుపెట్టింది. బ్యాటరీ మార్చమని కంపెనీకి రాసింది. ఆ మోడల్‌కు బ్యాటరీ మార్చే పద్ధతి తమకు లేదనీ, బయటివాళ్ళు మూత తెరిస్తే ఇక తమకు సంబంధం లేదనీ, కొత్తది కొనుక్కుంటే కొంత తగ్గిస్తామనీ జవాబొచ్చింది. కింద సంతకం లేదు. తిట్టుకోవడానికి ఓ పేరైనా ఉండాలి కదా.

అప్పుడు ఓస్మో దగ్గరకు వెళ్ళింది. అదే భవనంలో ఉంటాడు. లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. సైకిళ్ళ గదిలో ఓ మూల బల్ల వేసుకుని ఇరుగుపొరుగు సామాన్లు ఊరికే బాగుచేసి పెడతాడు. రెండు గంటలు కుస్తీ పట్టి, జిగురు కరిగించి, కొత్త బ్యాటరీ పెట్టాడు.

"వేడి తగలనీయకండి ఐలా గారూ. పొయ్యి దగ్గరా అక్కడా పెట్టే అలవాటు లేదు కదా?"

"నాకేం పిచ్చా?" అంది ఐలా. అబద్ధం చెప్పాలని చెప్పలేదు.

రెండు నెలలకు బ్యాటరీ ఉబ్బి, గడియారం అద్దం పైకి లేచిపోయింది. బట్టలుతికే గదిలో ఒకసారి, చెత్తడబ్బాల దగ్గర రెండుసార్లు ఐలా ఎదురైనవాళ్ళకు ఆ సంగతి చెప్పింది.

"ఎక్కడి నాసిరకం సరుకో తెచ్చి పెట్టాడు. నిద్దట్లో చెయ్యి కాలితే ఎవరమ్మా దిక్కు?"

రెండో అంతస్తు కైసు ఆ సాయంత్రమే తన కాఫీ యంత్రాన్ని ఓస్మో బల్ల మీంచి వెనక్కి తెచ్చేసుకుంది. తర్వాత ఒకరొకరే తెచ్చేసుకున్నారు. బల్ల ఖాళీ అయింది.

ఓ ఆదివారం తాయిస్తో, ఐలా ఫోన్‌లో ఆ గడియారం దాచిన లెక్కలు చూస్తూ, ఆ ఏడాదికల్లా పొడుగైన మాట మాట్లాడాడు.

"శనివారం శనివారం ఆరింటికి నీ గుండె ఇలా పరిగెడుతోందేమిటే? ఎవరైనా ఉన్నారా?"

ఐలా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. శనివారం ఆరింటికి భవనంలో అందరూ వంతులవారీగా వాడుకునే ఆవిరి స్నానం గదిలో, సౌనాలో, వాళ్ళ వంతు. ఎనభై డిగ్రీల ఆవిరి. కాలతాయని చెవిపోగులు తీసి గట్టు మీద పెట్టేది. గడియారం పట్టీ రబ్బరుది, కాలేది కాదు, అందుకని తీయలేదు. వాళ్ళ ఊరు తాంపెరేలో సౌనాను వేడి అని ఎవరూ అనుకోరు. పొయ్యి వేడి, ఎండ వేడి. సౌనా అంటే శనివారం, అంతే.

అప్పుడే దిగి వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. లిఫ్టులో ఓస్మో ఎదురవుతాడని మెట్లెక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ళకు మంచిదని తాయిస్తోకు చెప్పింది.

వారం తిరక్కుండా ఓస్మోనే తలుపు తట్టాడు. చేతిలో చిన్న పొట్లం.

"ఇంకో బ్యాటరీ తెప్పించానండి. మొదటిది మంచిది కాదేమో. నేను చూసి పెట్టాల్సింది. ఏమీ అనుకోకండి."

ఐలా పొట్లం అందుకుంది. "పరవాలేదు లెండి," అంది. పైగా తను క్షమించినట్టు. తలుపేశాక మెట్ల మీద ఆయన అడుగులు పూర్తిగా దిగిపోయేదాకా అక్కడే నిలబడింది. చెవులు వేడెక్కిపోయాయి.

మే నెలలో పెరటి పని రోజు వచ్చింది. భవనంలో వాళ్ళంతా చేరి ఆకులు ఊడ్చి, చెట్లకు మన్ను వేసి, చివర్న సాసేజీలు కాల్చుకు తింటారు. మన్ను మోసే ఒంటిచక్రం బండి మధ్యలో విరిగింది.

"ఓస్మోకిస్తే సరి," అన్నారెవరో.

"వద్దులే, ఐలా గడియారంలా ఉబ్బుతుంది," అంది కైసు.

అందరూ నవ్వారు. దూరంగా ఒక్కడే ఆకులు పోగేస్తున్న ఓస్మో కూడా, నవ్వకపోతే బాగుండదన్నట్టు నవ్వాడు. తాయిస్తో సాసేజీ తిప్పుతూ భార్య వైపు ఒకసారి చూసి, మళ్ళీ సాసేజీ వైపు చూశాడు.

ఐలా కాఫీ పళ్ళెం గడ్డి మీద పెట్టింది.

"అది ఆయన తప్పు కాదు," అంది. ఎవరికీ వినపడలేదు. గొంతు సవరించుకుని, ఈసారి పెరడంతా వినపడేలా అంది.

"గడియారం చెడగొట్టింది నేను. వారం వారం సౌనాలో పెట్టుకు కూర్చున్నాను. ఆ సంగతి తెలిసి మూడు వారాలైంది. తెలిశాక కూడా నోరు మూసుకుని మిమ్మల్నే అననిచ్చాను, ఓస్మో గారూ. తప్పు నాది."