చంద్రుడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో

ఉగాది కార్యక్రమంలో పిల్లల నాటికకి పది నిమిషాలే ఇచ్చారు. మనుషులు చంద్రుడి మీదికి వెళ్ళిన కథతో ఆ నాటిక రాసింది కాత్యాయని. ఆ పరాయి దేశంలోని తెలుగువాళ్ళ సంఘం కార్యదర్శి జనార్దనరావు కాగితాలు తిరగేసి, అపోలో పది దగ్గర వేలు పెట్టాడు.

"చంద్రుడి దాకా వెళ్ళి దిగకుండా వచ్చేసినవాళ్ళు మనకెందుకమ్మా? తీసెయ్. డైరెక్ట్‌గా పదకొండుకి వెళ్ళిపో."

"ఆ పది లేకపోతే పదకొండు లేదు అంకుల్," అంది కాత్యాయని.

ఆవిడ పాయా లేబర్ అనే పేటలో ఒక ఆఫీసులో టెస్టర్. పద్నాలుగేళ్ళుగా ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెడుతోంది. అంతా సవ్యంగా జరిగిననాడు కేకు కోసేది రాసినవాళ్ళు. వెతికినావిడ పేరు ఎవరికి గుర్తుంటుంది గనక! అందుకే ఆ సన్నివేశం మీద ఆవిడకంత పట్టుదల. పోట్లాడి పోట్లాడి ఒక్క నిమిషం దక్కించుకుంది.

తీరా ఆ వేషం ఆవిడ పదేళ్ళ కూతురు ప్రణవికే పడింది. పిల్ల మూతి ముడుచుకుని, అక్కడి బళ్ళో అలవాటైన "లా" మాట చివర తగిలించి అంది.

"నిశాంత్ మూన్ మీద ల్యాండ్ అవుతాడు. నేను మాత్రం యూటర్నా? సో లూజర్ లా, అమ్మా."

కాత్యాయనికి మనసు చివుక్కుమంది. కూతురు తన ఉద్యోగాన్నే ఆ మాట అన్నట్టనిపించింది.

"వాళ్ళు పదిహేను కిలోమీటర్ల దగ్గరికి వెళ్ళారు నాన్నా. రాడార్ పనిచేస్తోందా, దిగేచోటు ఎలా ఉంది, అన్నీ చూసొచ్చి చెప్పారు. రెండు నెలల తర్వాత వెళ్ళినవాళ్ళకి ఆ మాటే ధైర్యం."

"ఓకే లా," అంది ప్రణవి. ఆ ఓకేలో పస లేదు.

ఆదివారం ఆంగ్ మో కియో పేటలో కార్యక్రమం జరిగే హాలు కిటకిటలాడింది. స్టేజీ మీద చంద్రుడంటే తెల్ల దుప్పటి కప్పి, అంచులకి పిన్నులు గుచ్చిన జానెడెత్తు చెక్కబల్ల. వెండి కాగితం చుట్టుకున్న ప్రణవి దాని చుట్టూ తిరిగి, అడుగు దూరంలో ఆగి, వంగి చూసింది. ముందు వరసలోంచి జనార్దనరావు ఉండబట్టలేక అరిచాడు.

"దిగమ్మా, దిగు! టైమైపోతోంది!"

హాలంతా గొల్లుమంది. తెర పక్కన కాత్యాయనికి ప్రాణం ఉసూరుమంది. పిల్ల ఏడుస్తుందనే అనుకుంది.

ప్రణవి తల కూడా తిప్పలేదు. ఇంకాస్త వంగి, దుప్పటి అంచు లాగి చూసి, చకచకా వెనక్కి వచ్చేసింది. తల్లి చాచిన చేతులు తప్పించుకుని, నేరుగా వెళ్ళి నిశాంత్ చొక్కా పట్టుకుంది.

"లెఫ్ట్ సైడ్ పిన్ ఊడిపోయింది. అక్కడ స్టెప్ చేస్తే స్లిప్ అయిపోతావ్. రైట్ సైడే కాలు పెట్టు, ఓకే?"

నిశాంత్ కుడివైపే కాలు పెట్టాడు. జెండా నాటాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. జనార్దనరావైతే లేచి నిలబడి మరీ కొట్టాడు.

ప్రణవి చూపంతా నిశాంత్ పాదాల మీదే ఉంది. అతను బల్ల దిగాక ఊపిరి వదిలి, "సేఫ్, అమ్మా," అంది.

హాల్లో ఉన్న మూడొందల మందీ నిశాంత్‌నే చూస్తున్నారు. కాత్యాయని ఒక్కతే కూతుర్ని చూసుకుంది, పట్టరాని గర్వంతో.