యూనియన్ దీవి దగ్గర పోయినవాడు

ఉమామహేశ్వర్ నాచారంలో ఆఫీసు పెట్టుకుని కుర్రాళ్లను ఓడల మీద పనులకు పంపుతాడు. గౌతమి అన్న విక్రమ్ అలా వెళ్లినవాడే. కరీబియన్ సముద్రంలో సెయింట్ విన్సెంట్ దేశానికి చెందిన చిన్న చిన్న దీవుల మధ్య తిరిగే పడవలో వంటవాడు.

పెనుతుఫాను వస్తోందని తెలిసిన రోజు విక్రమ్ ఉమామహేశ్వర్‌కు ఫోన్ చేసి, చెల్లెల్ని కూడా లైన్లోకి తీసుకున్నాడు.

"అన్నా, ఓనరు ఫ్లైటెక్కి పోయిండు. అందరు తలదాసుకోనీకి యూనియన్ దీవిల బడిలకు పోతున్నరు. నేను గూడ దిగుత."

"పడవ ఇడిసిపెట్టినవంటే నీకు మళ్ల యాడ పని దొరకకుండ జేస్త," అన్నాడు ఉమామహేశ్వర్.

విక్రమ్ దిగలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు.

కర్మ నాడు ఉమామహేశ్వర్ చిల్కానగర్ వచ్చి, "దిగుమని మొత్తుకున్న. తాగి పన్నడు," అని వాడకట్టంతా వినేలా చెప్పాడు. తల్లి సారలమ్మ నమ్మింది. కొడుకు తాగుడు ఆమెకు కొత్త కాదు. గౌతమి ఎంత చెప్పినా, "ఇంకా వాన్ని ఎనకేసుకొస్తవేందే," అనేది.

గౌతమి ఏడవడం మానేసింది. ఆదివారాలు ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఉమామహేశ్వర్ కుర్రాళ్లను కూచోబెట్టి తెరమీద నీలం నీళ్లు, తెల్లటి ఇసుక చూపించేవాడు. ఆమె ప్రతివారం వెళ్లేది. దీవులు కనబడగానే లేచి, "మా అన్న గక్కడ్నే మునిగిండు. దిగుతనంటే ఈయననే వద్దన్నడు," అనేది. గొంతు పెంచేది కాదు. బయటికి గెంటిస్తే మెట్లమీద నిలబడి వచ్చేవాళ్లకు చెప్పేది. చూస్తుండగానే హాల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి.

చివరికి అతనే ఇంటికొచ్చాడు. "చెల్లె, పిల్లలున్నోన్ని. ఇగ ఆపు."

"ఆ దినం ఫోన్ల ఏమన్నవో మా అమ్మకు జెప్పు."

సారలమ్మ గడపలో చిక్కుడుకాయలు తుంచుతోంది. అతను తలొంచుకుని గొణిగాడు.

"ఇంకింత గట్టిగ. ఆమెకు జర తక్కువ ఇనొస్తది," అంది గౌతమి. అది అబద్ధం.

అతను గట్టిగా చెప్పాడు. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. సారలమ్మ చేతులు ఆగిపోయాయి.

"పోయిన పోరన్ని నా నోటితోనే తిట్టుకుంటొచ్చిన," అందామె.

"ఇగ ఆపుతవు గదా?" అని అడిగాడు ఉమామహేశ్వర్, గౌతమిని.

"ఆపుతనని అన్ననా?"

అతను వెళ్లిపోతుంటే ఆమెకు జాలి కలగలేదు. చాలాకాలానికి కడుపునిండా అన్నం తింది.

ఆదివారం ఆమె ఆటో మాట్లాడుతుంటే సారలమ్మ చెప్పులేసుకుని వచ్చి ఆటోలో కూర్చుంది.

"ఈపారి నువ్వు సప్పుడు జెయ్యకు. నేను మాట్లాడుత."