తొట్టి అంచున కళ్ళజోడు

మా ఇంట్లో నన్ను ఆటపట్టించడానికి ఒకటే సామెత: చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ అదే అన్నాడు, ఇప్పుడు కూతురు అందుకుంది. నా ధ్యాస ఒకచోట నిలవదు. చిన్నప్పుడు పొగరన్నారు, పెళ్ళయ్యాక బద్ధకమన్నారు. యాభై దాటాక ఒక డాక్టరు దానికో పేరు పెట్టి, గుండెజబ్బు ఉంది కాబట్టి నాకు మందులు వద్దన్నాడు. "మీ బుర్రను నమ్మకండమ్మా, వస్తువుల్ని నమ్మండి" అని కొన్ని అలవాట్లు నేర్పించాడు.

నేను బట్టలు కుడతాను. కళ్ళజోడు లేకపోతే సూదిలో దారం ఎక్కదు. అందుకని మనవరాలికి నీళ్ళు పోసేటప్పుడు జోడు తీసి తొట్టి అంచున పెడతాను. మధ్యలో ధ్యాస మళ్ళి మిషను దగ్గరికి పోయినా, జోడు కోసం మళ్ళీ పిల్ల దగ్గరికే రావాలి. ఈ ఉపాయం నాదే. డాక్టరు మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా.

పిల్లకు ఇంకా ఏడాది నిండలేదు. కూతురు మళ్ళీ ఉద్యోగంలో చేరింది, నిన్నే మొదటి రోజు. తను వచ్చేదాకా పిల్లను క్షేమంగా చూసుకోవడం, అంతే నా పని.

నిన్న కూడా పిల్లను తొట్టిలో కూర్చోబెట్టి, జోడు అంచున పెట్టాక, తువ్వాలు మరిచిపోయానని గుర్తొచ్చి లేచాను. అంతలో తలుపు కొట్టారు. ఎదురింటి లాయరమ్మ. నల్లకోటు చేతులు పొడుగయ్యాయట, మధ్యాహ్నం కోర్టుకు అదే కావాలట. నల్లబట్ట మీద నల్లదారం, కనబడి చావదు. జోడు కోసం తడుముకుంటుంటే, పాపం మంచి మనిషి, తనది తీసిచ్చింది.

"నాది పెట్టుకోండి పిన్నిగారూ, సరిపోతుందేమో."

చూపుకు సరిపోయింది. అదే నా ఖర్మ. ఆవిడ కోటు కోసం పక్కనే ఆగింది, నేను ఒక్కో కుట్టూ ఊడదీస్తూ కూర్చున్నాను. అలాంటి పనిలో పడితే నాకు పిడుగు పడ్డా వినపడదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. హాయిగా ఉందని కూడా అనుకున్నాను.

రెండో చెయ్యి పూర్తి కావస్తుంటే ముక్కు నొప్పెట్టింది. జోడు ఇరుకు. తీసి చూశాను. ఇది నాది కాదే. మరి నాది ఎక్కడ పెట్టాను?

తొట్టి అంచున. "పిల్ల" అన్నాను. స్నానాలగది దాకా ఎలా వెళ్ళానో తెలియదు. లోపల చప్పుడు లేదు. తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాను. నిజం చెబుతున్నాను, తొయ్యనంతసేపూ ఏమీ జరగనట్టే కదా అనిపించింది. వెనకాలే వచ్చిన లాయరమ్మ తోసింది.

పిల్ల కూర్చునే ఉంది. తొట్టి అంచును రెండు చేతులా పట్టుకుని వణుకుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి, ఏడ్చే ఓపిక కూడా లేదు. నీళ్ళు చల్లబడిపోయాయి. నా కళ్ళజోడు వాటి అడుగున ఉంది.

లాయరమ్మ పిల్లను తన కోటులోనే చుట్టింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. నాకూ చెప్పబుద్ధి కాలేదు. చెబితే కూతురు ఉద్యోగం మానుకోవాలి, పిల్లను మళ్ళీ నా చేతికివ్వదు. దాస్తే రేపు మళ్ళీ నేనే నీళ్ళు పోయాలి. అది నావల్ల కాదు.

సాయంత్రం కూతురు చెప్పులు విప్పకముందే చెప్పేశాను. తిట్టలేదు. పిల్లను ఒళ్ళోకి తీసుకుని గోడకానుకుని కూలబడింది.

"పోయినవారం నువ్వు ఇంట్లో లేనప్పుడు నేను దీన్ని మంచం మీద వదిలేసి, ఇంటికి తాళం వేసుకుని బస్సెక్కానమ్మా" అంది చివరికి. "రెండు స్టాపులు దాటాక గుర్తొచ్చింది. నాకూ నీ ధ్యాసే వచ్చింది. అందుకే దీన్ని నీకు అప్పగించాను. నీకు డాక్టరు నేర్పిన అలవాట్లున్నాయి కదా, నీ దగ్గరైతే భద్రంగా ఉంటుందనుకున్నాను."

పిల్ల నిద్రపోయింది. పక్కమీద పడుకోబెట్టి వంట సంగతి చూడాలి, కానీ ఇద్దరిలో ఎవరమూ లేవలేదు. దాని చెరో చెయ్యీ పట్టుకుని అక్కడే కూర్చున్నాం.