దొరసాని ప్రార్థన గది

వంటగది కప్పు కారుతోందని ఒదీల్ కింద రాగి గిన్నె పెట్టింది. ఆదివారం పొద్దున్నే దాని మీద రభస మొదలైంది.

"అది జామ్ కాచే గిన్నె. వాననీళ్ళు పట్టేది కాదు," అంది అత్తగారు ఎర్మాన్స్.

"మరేం పెట్టమంటారు అత్తయ్యా? హాల్లో మీ తాతగారి ఇనుప టోపీ ఉంది, అది పెట్టనా?"

"తుప్పు పడుతుంది," అన్నాడు ఒదీల్ భర్త అమోరి, పేపరులోంచి తల ఎత్తకుండా.

బ్రెసాక్ కోట గోడలకి ఏడెనిమిది వందల ఏళ్ళు. మనుషులు బతికే గదులు మాత్రం మూడు. ఈ ఏడు తెప్పించిన రాతిపలకలు ఒక్క కప్పుకే వస్తాయి. ఒదీల్ వంటగదికి వేయమంది. నిరుడు వానాకాలమంతా ఆమె గొడుగు కింద ఉల్లిపాయలు తరిగింది. తల్లీకొడుకులు మాత్రం బురుజు పక్కన, పూర్వం ఈ కోట ఏలిన దొరసాని ప్రార్థన గదికే వేయాలన్నారు. ఆదివారాలు కోట చూడవచ్చేవాళ్ళకి గొప్పగా చూపించుకునేది అదొక్కటే మరి.

ఆ గదిలో చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి, రెండు రాతి దిమ్మెల మీద గాలిలో నిలబడి ఉంటుంది. లోపల ఒక రాతి అరుగు, అరుగు మధ్యలో గుండ్రటి కంత. అది తీర్థపు పాత్ర ఆనించడానికని అమోరి చెప్పేవాడు. అత్తగారు కంత మీద చెక్క పరిచి మేరీమాత బొమ్మ పెట్టింది. బయట, ఆ కంత కింద గోడ పొడుగునా నల్లటి చార. చార దిగినచోట దురదాకు మనిషెత్తు పెరుగుతుంది. ఉడికిస్తే దురద పోతుంది కాబట్టి ఇంట్లో సూప్‌కి ఆకు అక్కడే కోస్తారు.

అది మరుగుదొడ్డి అని కాపురానికి వచ్చిన నెలలోనే ఒదీల్‌కి అర్థమైంది. ఇంటిపేరులో మూడు ఊళ్ళు మోస్తున్న వంశంలో ఇంకెవరికీ తోచలేదు. ఒకసారి అడిగింది కూడా.

"అక్కడ మోకరిల్లే చోటేది అత్తయ్యా? కూర్చునే వీలే కదా ఉంది?"

"దొరసానికి మోకాళ్ళ నొప్పులు," అంది అత్తగారు.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. అమోరి పదిమందిని వెంటేసుకుని గోడ కిందికి చేరాడు. కిటికీలోంచి అది చూసి, ఒదీల్ నిండిన రాగి గిన్నె ఎత్తుకుని మెట్లెక్కింది. మేరీమాతని భక్తిగా పక్కన పెట్టింది. చెక్క తీసింది.

"ఇక్కడే మా దొరసాని రోజూ ఏకాంతంగా..." అంటున్నాడు కింద అమోరి.

నీళ్ళు నల్లచార వెంట జారి దురదాకు మీదా, అతని బూట్ల మీదా చింది పడ్డాయి. అందరూ తల ఎత్తి కంత చూశారు.

"ఆవిడ ఇంకా లోపలే ఉన్నట్టుంది నాయనా," అంది పక్క ఊరి ముసలమ్మ. "కానివ్వమను. మేం తర్వాత వస్తాం."

నవ్వులు వంతెన దాటేదాకా వినిపించాయి.

రాత్రి భోజనాల వేళకి మళ్ళీ వాన పట్టుకుంది. తోమిన రాగి గిన్నె గోడకి వేలాడుతోంది. కారేచోట తాతగారి ఇనుప టోపీ వెల్లకిలా పెట్టి ఉంది, టప్ టప్‌మంటూ నిండుతోంది. దాన్ని తీసేయమని ఎవరూ అనలేదు. ఒదీల్ దురదాకు సూప్ వడ్డించింది. అత్తగారు ఒక చెంచా తాగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, చెంచా కింద పెట్టింది.

"పలకలు వంటగదికే వేయించు," అంది కొడుకుతో.

"మరి ప్రార్థన గది?"

"దానికి తడి కొత్తా?" అంది ఎర్మాన్స్. "మాతని మాత్రం పొద్దున్నే కిందికి తీసుకురా. ఇన్నేళ్ళు ఎలా ఓర్చుకుందో ఏమో."