వదిన కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్

అప్‌డేట్లు వేసింది నేనే. ఎవరూ అడగలేదు. చేతులు ఊరుకోక వేశాను.

మా వదిన బూట్లు చేస్తుంది. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి, దెబ్బ తగిలి మడమ వంకర పోయినవాళ్ళకి కొలిచి చేసేవి. అచ్చులు గీసే ప్రోగ్రాం పాతది, కొత్త కంప్యూటర్ల గుమ్మం తొక్కనంటుంది. అందుకే ఆమె కంప్యూటర్ లోపలే ఒక పాత కంప్యూటర్‌ని, అదే వర్చువల్ మిషన్‌ని, నేనే పెట్టిచ్చాను.

అప్‌డేట్ల మర్నాడు పొద్దున్నే ఫోను. "ఏమయ్యా, నా మిషన్ లేవట్లేదు. పన్నెండుకల్లా అచ్చు కోసేవాళ్ళకి గీత పంపాలి. ఆ బూటు వేసుకునే సోమవారం నర్సమ్మ డ్యూటీలో చేరాలి, ఈసారి చేరకపోతే ఉద్యోగం పోతుందట."

పరుగున వెళ్ళాను. ఆపి వేశాను, తీసి పెట్టాను, సెట్టింగులన్నీ కెలికాను. ఏం చేసినా ఒకటే మాట: దాచిన స్థితిని తెరవలేకపోతున్నాం. పదకొండున్నరకి నా ఒళ్ళు మండిపోయింది. పక్కనే 'దాచిన స్థితిని వదిలేయి' అన్న బటన్ ఉంది. వదినని ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. ఠపీమని నొక్కాను.

మిషన్ లేచింది.

"నా బంగారమే!" అంటూ వదిన కుర్చీ లాక్కుని ప్రోగ్రాం తెరిచింది. తెల్లటి పేజీ. "నర్సమ్మ పాదం ఏదయ్యా?"

"సేవ్ చేశావా వదినా?"

"ఎందుకు చేస్తాను? 'ఆపక్కర్లేదు, నిద్రపుచ్చితే చాలు, ఎక్కడి పని అక్కడే ఉంటుంది' అన్నావుగా నువ్వే."

అన్నాను. గొప్పగా అన్నాను. ఆమె తుచ తప్పకుండా పాటించింది. పంతొమ్మిది రోజుల పని ఆ నిద్రలోనే, నేను నొక్కి వదిలేసిన ఆ 'దాచిన స్థితి'లోనే ఉంది. నా అప్‌డేట్లు తీసేసి పాత వెర్షన్ తిరిగి వేసుంటే పనితో సహా నిక్షేపంగా లేచేది. ఆ బుద్ధి ఇప్పుడొచ్చింది, నా మొహం మండ.

"కొలతలు రాసుకోలేదా?"

"మొదటివి ఉన్నాయి. నడిపించి, నొప్పి ఎక్కడుంటే అక్కడ సర్దుకుంటూ వచ్చాను. నాలుగుసార్లు కుంటుకుంటూ వచ్చింది పాపం."

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఫోను తీసి నర్సమ్మకి కలిపింది. "అమ్మా, బూటు సోమవారానికి అందదు. మీరు మళ్ళీ రావాలి. పొరపాటు మాదే."

"నేను చెప్తాను, ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపాను.

వదిన ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు. ఆవిడ ఏడుస్తోంది."