తీగ మీద గుడ్డలు

తమ్ముడి చెక్కసామాన్ల పాలిష్ కొట్టు కాలిపోయిన మధ్యాహ్నం ఆ వీధిలో కరెంటు లేదు. అందుకని వైర్ల వల్ల కాదన్నారు. కొట్లో పొయ్యి లేదు. మరి నిప్పు ఎక్కడిది? మంటలార్పడానికి వచ్చినవాళ్లు "మనిషికి సిగరెట్ అలవాటుందా?" అని అడిగారు. గుంపులోంచి ఎవరో "ఒకప్పుడుండేది" అన్నారు. దాంతో కారణం దొరికినట్టయింది.

నేను బడి నుంచి వెళ్లేసరికి మంచం కోళ్లు, కుర్చీ చేతులు నల్లగా పగుళ్లుదేరి, పోసిన నీళ్లలో ఇంకా పొగలు కక్కుతున్నాయి. తమ్ముడు లోపలి గదిలో చాప మీద కునుకు తీస్తూ పోయాడు. మంట వాడిదాకా రాలేదు, పొగే చాలింది. వాడు నూనె గుడ్డలు ఆరేసే ఇనుప తీగ మాత్రం గుమ్మం బయట చెక్కుచెదరకుండా ఉంది. దాని మీద ఒక్క గుడ్డా లేదు. అది చూశాను, ఆలోచించలేదు.

మరదలు ఏడవలేదు. పాప పుట్టిన రోజున వాడు సిగరెట్ పెట్టె ఆమె కళ్లముందే నలిపి పారేసి, ఇక ముట్టనని పాప తల మీద చెయ్యి పెట్టి చెప్పాడట.

"బిడ్డ మీద ఒట్టేసి, చాటుగా కాల్చుకుంటూ కూర్చున్నారు బావగారూ," అంది. వాడి ఫొటో బీరువాలో బోర్లా పెట్టింది. ఎవరైనా వాడి మాటెత్తితే లేచి వెళ్లిపోయేది.

ఒక సాయంత్రం లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చిన పాప పెన్సిల్ కొరుకుతూ అడిగింది.

"పెదనాన్నా, నాన్న అబద్ధాలకోరా?"

"ఎవరన్నారు?"

"అమ్మ. నాతో కాదు. తోముతూ గిన్నెలతో అంది."

"కనుక్కుని చెబుతాను," అన్నాను. తరగతిలో జవాబు తెలియనప్పుడు నేననే మాటే అది.

తమ్ముడు పాలిష్‌కి వాడేది అవిసె నూనె. అది నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిని పట్టుకుని గట్టిపడుతుంది. కాలడమన్నా గాలిని పట్టుకోవడమే. ఒకటి నెమ్మది, ఒకటి తొందర. రెంటిలోనూ వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో పుట్టిన వేడి గాలికి పోతుంది. కుక్కిన గుడ్డల్లో ఆ వేడికి దారి ఉండదు. తడి గడ్డివాము లోలోపల కుళ్లి వేడెక్కి అంటుకున్నట్టే. ఏటా చెప్పే పాఠం నాకు ఇంత ఆలస్యంగా గుర్తొచ్చింది.

పక్క కొట్టు వడ్రంగి మేస్త్రీని కాస్త నూనె అడిగాను. ఎందుకో చెబితే నవ్వాడు.

"గుడ్డ దానంతటది అంటుకుంటుందా మాస్టారూ? అలాగైతే అగ్గిపెట్టెలవాళ్లు అడుక్కుతినాలి."

"పెరట్లో పెట్టి చూద్దాం."

"చూద్దాం. పొగ రాలేదో, టీ మీది."

నూనెలో తడిపిన గుడ్డలు కొన్ని తీగ మీద ఆరేశాం. మిగతావి పాత రేకు డబ్బాలో కుక్కాం. మేస్త్రీ వచ్చి పోతూ డబ్బా మీద చెయ్యి వేసి, "ఇంకా జ్వరం రాలేదు మాస్టారూ," అని వేళాకోళమాడాడు. ఎండ వాలే వేళకు వేసిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఘాటైన వాసన వచ్చింది, తర్వాత సన్నటి పొగ. పుల్లతో కదపగానే మధ్యలోని ముద్ద ఎర్రబడి అంటుకుంది. మేస్త్రీ బకెట్‌తో నీళ్లు గుమ్మరించాడు. తీగ మీదివి చల్లగానే ఉన్నాయి.

"అయ్యో, అన్యాయంగా తిట్టుకున్నాం కదా వాణ్ణి," అన్నాడు.

మాడిన పేలిక ఒకటి కాగితంలో చుట్టుకుని తిన్నగా మరదలి ఇంటికి వెళ్లాను. వాడు మాట తప్పలేదమ్మా అని చెప్పాలి. ఆమె మంచినీళ్లిచ్చింది.

"ఆ రోజు కొట్లో..." అన్నాను. నన్ను ముగించనివ్వలేదు.

"ఆ రోజు కొట్టు అద్దంలా పెట్టి వచ్చాను బావగారూ. ఆయన మంచం అప్పజెప్పడానికి వెళ్లారు. వాన పడేలా ఉంటే తీగ మీది గుడ్డలన్నీ తీసి, గోనెసంచిలో గట్టిగా కుక్కి, రంపపు పొట్టు పక్కన పెట్టాను. ఎప్పుడూ ముట్టుకోనిచ్చేవారు కాదు. నీ చేతులు పాడవుతాయి, వదిలెయ్ అనేవారు. అంత శుభ్రం చేసి వస్తే, అక్కడే సిగరెట్ ముట్టించుకుని పడుకున్నారు."

తన చేతులు ఒకసారి చూసుకుంది.

"ఏదో చెప్పబోయారు. ఏమిటది, మాడు వాసన?"

"ఏం లేదమ్మా. మేస్త్రీ వాళ్ల పెరట్లో చెత్త తగలబెట్టాం."

పొట్లం దారిలో కాలవలో పడేశాను. ఈ సంగతి ఎవరితోనూ అనవద్దని మేస్త్రీకి చెప్పాను. ఎందుకని అడగబోయి, కాలిన కొట్టు ముందున్న ఖాళీ తీగ వైపు చూసి ఊరుకున్నాడు.

ఫొటో ఇప్పటికీ బీరువాలోనే బోర్లా ఉంది. పాప లెక్కలకు వస్తూనే ఉంది. నాన్న అబద్ధం చెప్పలేదని అంటే, మరి నిప్పెలా వచ్చిందని అడుగుతుంది. ఆ పిల్ల అడుగుతుంది, నాకు తెలుసు. కనుక్కుని చెబుతానన్నాను. ఇంకా చెప్పలేదు.